వీడియో మనది, తలుపు ఎవరిది?

ఇయ్యాల మన వాడల్లో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. దాడి జరిగినా, ధర్నా జరిగినా, డప్పు మోగినా పది మంది వీడియో తీస్తున్నారు. పొద్దుగూకే లోపల అది యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో తిరుగుతున్నది. మంచిదే. కానీ ఏడాది తర్వాత ఆ వీడియో ఏదని అడిగితే తీసినవాడి ఫోను పాడయి ఉంటది, చానల్ మూతపడి ఉంటది, లింకు నొక్కితే వీడియో అందుబాటులో లేదని వస్తది. మన వీడియోను ఎవరింట్లో దాస్తున్నం? ఆ ఇంటి తాళం ఎవరి చేతిలో ఉన్నది? ఈ ప్రశ్న మన సంఘాల మీటింగుల్లో చర్చకు రావాలె.

బొమ్మ మన చేతిలో లేకపోతే ఏమైతదో ఉత్తర తెలంగాణకు తెలుసు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు. చచ్చింది 13 మంది అని సర్కారు చెప్పింది. జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆనాడు గూడేలల్లో కెమెరాలు లేవు. సర్కారు కాగితానికి ఎదురు నిలబెట్టటానికి జనం నోటి మాట, పౌరహక్కుల సంఘాల నివేదికలే దిక్కయినయి. అంతకు ముందు, 1940లలో మార్లవాయిలో ఉండి హైమండార్ఫ్ తీసిన గోండుల ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నయి. అదే మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశాడు. ఆయన ఆట ఇక వీడియోల్లో చూడాల్సిందే. ఆ వీడియోలు ఎవరెవరి చానళ్లలో ఉన్నయో, రేపు ఉంటయో ఉండవో, అది మార్లవాయి చేతిలో లేదు.

లింకుల్లో రెండు రకాలున్నయి. ఈ తేడా మన కార్యకర్తలందరికీ తెలియాలె. యూట్యూబ్ ఇచ్చేది వీడియో ఉన్న పేజీకి లింకు. నొక్కితే వాళ్ల వాకిట్లోకి పోతం. వాళ్ల ప్రకటన చూడాలె, వాళ్లు పక్కన పెట్టిన సరుకు చూడాలె. రెండోది ఫైలు లింకు. దాని తోకకు డాట్ ఎంపీ4 అనో, డాట్ వెబ్‌ఎం అనో ఉంటది. అది నేరుగా వీడియో దగ్గరికే పోతది. ఏ బ్రౌజర్‌లోనైనా ఆడుతది. వీఎల్‌సీలో 'ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్' అన్న చోట అతికిస్తే ఆడుతది. సంఘానికి సొంత వెబ్‌సైటు ఉంటే, వీడియో అక్కడ ఉండకపోయినా లింకు పెట్టి అక్కడే చూపెట్టవచ్చు. దించుకొని పెన్‌డ్రైవ్‌లో వేసి అంబేద్కర్ భవన్‌లో తెర కట్టి ఆడించవచ్చు.

కాసెట్ల కాలం చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమైతది. గద్దర్ పాటలు, మన ఆదిలాబాద్ గూడ అంజయ్య పాటలు ఊరూరా తిరిగింది కాసెట్ల మీదనే. రేడియో వాళ్లు వేస్తేనే వినాలె. కాసెట్ చేతికొస్తే ఎవరి టేప్‌రికార్డర్‌లోనైనా వేసుకోవచ్చు, ఇంకో కాసెట్‌లోకి ఎక్కించుకోవచ్చు. పేజీ లింకు రేడియో లాంటిది. ఫైలు లింకు కాసెట్ లాంటిది.

రేడియో బందయితే ఏమైతదో 2020 జూన్ 29న చూసినం. ఆ రోజు కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. బీడీలు చుట్టే ఆడోళ్లు, కూలికి పోయే పోరగాళ్లు తమ పాటకూ ఆటకూ మొదటిసారి జనాన్ని సంపాదించుకున్నది ఆ యాప్‌లోనే. ఫైలు వేరే చోట దాచుకోనోళ్ల పని తెల్లారేసరికి మాయమైంది. చైనాతో తగాదా ఢిల్లీది, నష్టం వాడది. యూట్యూబ్‌లోనైతే 90 రోజుల్లో 3 కాపీరైట్ స్ట్రైకులు పడితే చానలే పోతది. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద సర్కారు వీడియోను ఆపమంటే ఆ ఉత్తర్వును రహస్యంగా ఉంచాలని 2009 నిబంధనలే చెప్తున్నయి. ఎందుకు పోయిందో కూడా మనకు తెలియదు.

అట్లని యూట్యూబ్‌ను వదలమని మేం అనడం లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ, కూలి చేసిన మనిషి, మై విలేజ్ షోతో లోకానికి తెలిసింది. జనం ఉన్న చోటికి మనం పోవాల్సిందే. మేం అనేది ఒకటే: సంతకు సరుకు తీసుకపోదాం, విత్తనం మాత్రం ఇంట్ల ఉంచుకుందాం. జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లో డీడీఎస్ సంఘాల దళిత మహిళలు, చదువు రానివాళ్లు, కెమెరా పట్టి సినిమాలు తీశారు. మనిషిని కంటికి కన్ను సమంగా చూపే షాటుకు 'సంఘం షాట్' అని పేరు పెట్టుకున్నారు. తీసే చూపు మనదైనప్పుడు దాచే పెట్టె కూడా మనదే కావాలె.

ఎక్కడ దాచాలె? సొంత సర్వర్‌కు డబ్బు కావాలె. డబ్బు లేని సంఘాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నది. 1996లో అమెరికాలో పెట్టిన లాభాపేక్ష లేని గ్రంథాలయం అది. ఖాతా తెరిచి వీడియో ఎక్కిస్తే ప్రతి ఫైలుకూ నేరు లింకు ఇస్తది. పేజీలో డౌన్‌లోడ్ కింద ఫైలు పేరు మీద వేలు నొక్కిపట్టి లింకు కాపీ చేసుకోవడమే. వికీమీడియా కామన్స్ కూడా నేరు లింకు ఇస్తది. కానీ అక్కడ వీడియో వెబ్‌ఎం లాంటి రూపంలో ఉండాలె, ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు రాసివ్వాలె. పాడినవాళ్లను అడగకుండా ఆ మాట రాసిచ్చే హక్కు మనకు లేదు.

ఏ ఇల్లూ శాశ్వతం కాదన్నది కూడా గుర్తుండాలె. 2017 ఆగస్టులో సినిమా పైరసీ కేసులో మద్రాస్ హైకోర్టు ఉత్తర్వుతో ఇంటర్నెట్ ఆర్కైవ్ మన దేశంలో కొన్ని రోజులు తెరుచుకోలేదు. 2024 అక్టోబర్‌లో దాని మీద సైబర్ దాడి జరిగి మళ్లీ కొన్నాళ్లు మూతపడ్డది. కాబట్టి ఒక కాపీ అక్కడ, ఒకటి ఇంకో చోట, ఒకటి సంఘం హార్డ్‌డిస్కులో ఉండాలె. ఫేస్‌బుక్ లోపలి నుంచి తవ్వి తీసిన ఫైలు లింకుకు గడువు ఉంటది. దాన్ని నమ్ముకోవద్దు. ఇంకో చిన్న సంఘం సర్వర్‌లోని ఫైలు లింకును అడగకుండా మన సైటులో పెట్టుకోవద్దు. మన దగ్గర చూసే ప్రతి ఒక్కరి ఖర్చూ వాళ్ల మీద పడతది.

కోర్టు సంగతి ఇంకా ముఖ్యం. 2017 జులైలో సిరిసిల్ల దగ్గర నేరెళ్లలో ఇసుక లారీ ఒకరి ప్రాణం తీసింది, ఆ కోపంలో లారీలు తగలబడ్డయి. పోలీసులు పట్టుకపోయిన దళితులు, బీసీలు తమను చిత్రహింసలు పెట్టారని చెప్పారు. ఒంటి మీద వాతలు కొన్ని వారాల్లో మానుతయి. అప్పుడు తీసిన బొమ్మ అసలు రూపంలో మిగలాలె. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకపోతది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతది. తీసిన ఫోనే కోర్టుకు తెస్తే వేరు సంగతి, కాపీ ఇస్తే మాత్రం సర్టిఫికెట్ తప్పదని 2020 జులై 14న ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఫైలు 'హాష్' రాయాలె. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర. ఫైలులో ఒక్క చుక్క మారినా ముద్ర మారుతది. ఎక్కించిన ప్రతి ఫైలుకూ ఇంటర్నెట్ ఆర్కైవ్ ఈ ముద్ర లెక్కగట్టి పెడుతది. అయినా తీసిన ఫోనును, అందులోని ఫైలును తుడవకుండా భద్రం చేయాలె.

ఒక హెచ్చరిక. ఫైలు లింకుకు కాపలా ఉండదు. ఎవరి చేతిలో పడితే వాళ్లు చూస్తారు, దించుకుంటారు. వెనక్కి పిలిస్తే రాదు. అత్యాచారానికి గురైన మన ఆడబిడ్డ ముఖం, పేరు బయట పెట్టడం నేరం, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఆ మాటే చెప్తున్నది. చట్టం చెప్పకపోయినా అది మన ధర్మం. సాక్షి ముఖం కనబడే వీడియో వకీలు చేతికే పోవాలె, ఊరి మీదికి కాదు.

1920 జనవరి 31న అంబేద్కర్ మూక్‌నాయక్ మొదలుపెట్టినప్పుడు డబ్బులిస్తామన్నా దాని ప్రకటన వేయటానికి కేసరి పత్రిక ఒప్పుకోలేదు. ఆయన అక్కడ ఆగలేదు. బహిష్కృత భారత్ తెచ్చాడు, సొంత ప్రెస్సు పెట్టాడు. మనకు ఇప్పుడు ప్రెస్సంత ఖర్చు కూడా అక్కర లేదు. ప్రతి మండల సంఘం కంప్యూటర్ తెలిసిన ఇద్దరు యువకులకు, అందులో ఒక ఆడపిల్లకు, ఈ పని అప్పజెప్పాలె. తీసిన తేదీ, ఊరు, తీసినవాళ్ల అనుమతి ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలె. వచ్చే ఏప్రిల్ 14 లోపల కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లోని ప్రతి వాడ నుంచి కనీసం ఒక ముసలి కళాకారుడి ఆటో, పాటో ఇట్ల భద్రం కావాలె.

జై భీం!