మేడిగడ్డలో కుంగింది పిల్లర్లేనా?

కాళేశ్వరం పేరెత్తితే చాలు, మన వాళ్ళు రెండు జట్లైపోతారు. ఒక జట్టుకి అది ఆధునిక దేవాలయం, ఇంకో జట్టుకి లక్ష కోట్ల గొయ్యి. ఆ తర్వాత ఏం మాట్లాడినా 'నువ్వు ఎవరి మనిషివి?' దగ్గరే ఆగిపోతుంది. కాసేపు పార్టీలు పక్కన పెట్టి, ఇంజనీరింగు చదివినందుకైనా రెండు లెక్కలు వేసి చూద్దామనిపించింది.

ముందు జరిగింది చూద్దాం. మహదేవపూర్ మండలం అంబటిపల్లి దగ్గర గోదావరి మీద 85 గేట్లతో మేడిగడ్డ బరాజ్ కట్టారు. ప్రాజెక్టుకి 2016 మే 2న శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభోత్సవం. మూడేళ్ళలో కట్టేశాం అని అందరం మురిసిపోయాం. 2022 జూలై వరదల్లో కన్నేపల్లి పంపుహౌస్ మునిగింది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ వాళ్ళొచ్చి చూసి, పునాది కింద ఇసుక కొట్టుకుపోయిందనీ, ప్లానింగు, డిజైను, నాణ్యత, నిర్వహణ... అన్నిట్లోనూ లోపాలున్నాయనీ తేల్చారు. ప్రారంభమైనప్పటి నుంచీ దిగువన ఉన్న సిమెంటు దిమ్మల్ని సరిగ్గా తనిఖీ చేసి బాగుచెయ్యలేదన్నది కూడా అందులో ఉంది.

నాకు అన్నిటికన్నా బాధనిపించింది ఈ చివరిదే. రిలీజ్ అయ్యాకే అసలు పని మొదలవుతుందని సాఫ్ట్‌వేర్‌లో నిన్న చేరిన కుర్రాడికి కూడా తెలుసు. మాకైతే ఏదైనా పోతే సర్వర్ రీస్టార్ట్ చేస్తాం. గోదావరిని రీస్టార్ట్ చెయ్యలేం కదా!

ఇక కరెంటు సంగతి. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల టన్నుల నీళ్ళు. మేడిగడ్డ దగ్గర పూర్తి నీటిమట్టం 100 మీటర్లు. ఎల్లంపల్లి దగ్గర 148. చిట్టచివర కొండపోచమ్మ సాగర్ దగ్గర 618. పంపూ మోటారూ కలిపి 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుందాం. ఒక టీఎంసీని ఎల్లంపల్లికి ఎక్కించడానికి సుమారు 46 లక్షల యూనిట్లు కావాలి. కొండపోచమ్మకైతే 5 కోట్ల యూనిట్లు! యూనిట్ 6 రూపాయలు, టీఎంసీకి పదివేల ఎకరాలు అని వేసుకుంటే ఎకరానికి కరెంటు ఖర్చు ఎల్లంపల్లి దగ్గర 2,800 రూపాయలు, కొండపోచమ్మ దగ్గర 30,000. ఎకరానికి పాతిక క్వింటాళ్ళ వడ్లు పండినా, 2024-25 మద్దతు ధర 2,300 చొప్పున వచ్చేది 57,500. అందులో సగానికి పైగా కరెంటుకే పోతుందన్నమాట. ఇది ఒక్కసారి పెట్టే ఖర్చు కాదు, పంటపంటకీ కట్టాల్సిన బిల్లు. రూపాయి పెడితే వచ్చేది 52 పైసలే అని 2024 ఫిబ్రవరిలో కాగ్ అన్నదంటే ఆశ్చర్యమేముంది?

'అయితే తెలంగాణకి నీళ్ళొద్దంటావా?' అని అడిగేవాళ్ళుంటారు. ఎందుకొద్దంటాను? ఏరేమో కింద, చేనేమో పైన. ఎత్తిపోతలు లేకుండా మనకి గతి లేదు, నిజమే. కానీ ఎంత ఎత్తుకి, ఏ పంటకి, ఎవరి ఖర్చుతో అన్నది అడగకపోతే ఎలా? 2,800 రూపాయల నీళ్ళకీ 30,000 రూపాయల నీళ్ళకీ ఒకటే చప్పట్లు కొట్టలేం.

ఇంకో సంగతి. బరాజ్ ఉన్న ఊళ్ళకి ఏం మిగిలింది? మహదేవపూర్, కాటారం వైపు పొలాల కోసం 2000ల్లోనే మొదలుపెట్టిన చిన్న కాళేశ్వరం, 2019లో పెద్ద కాళేశ్వరం ప్రారంభమయ్యే నాటికి కూడా పూర్తి కాలేదు. ఇంటి ముందు బావి తవ్వి, తోడిన నీళ్ళు వందల కిలోమీటర్లు పంపి, ఇంటివాళ్ళని బిందె పట్టుకుని నిలబెట్టినట్టుంది. చెన్నూరు వైపూ, అవతల ఒడ్డున సిరొంచ వైపూ బ్యాక్‌వాటర్‌లో చేలు మునిగి రైతులు రోడ్డెక్కారు. పర్యావరణ అనుమతి రాకముందే పనులు చేశారని 2020 అక్టోబర్‌లో హరిత ట్రిబ్యునల్ తప్పుపట్టింది. అనుమతి కాగితం ముఖ్యం కాదు, దాని కోసం ముందుగా అడగాల్సిన ప్రశ్నలు ముఖ్యం. పని అయిపోయాక అడిగే ప్రశ్నకి విలువేముంటుంది?

జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది, గొడవ కోర్టులకీ ఎక్కింది. తప్పెవరిదో అక్కడ తేలనివ్వండి. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. మరమ్మతు మీద మళ్ళీ కోట్లు పెట్టే ముందు, ఏ రిజర్వాయరు కింద ఎకరానికి ఎంత కరెంటో బయట పెట్టాలి. బరాజ్ తనిఖీ నివేదికలు ఏటా జనం ముందుంచాలి. మునిగే చేలకి పరిహారం ముందే లెక్కగట్టాలి, మహదేవపూర్ రైతు వాటా నీళ్ళు కాగితం మీద రాసివ్వాలి.

ఇవేవీ బరాజ్ కట్టినంత కష్టం కాదు. కాకపోతే వీటికి ప్రారంభోత్సవాలుండవు, రిబ్బన్ కత్తిరించడానికేమీ ఉండదు. అందుకే ఎవరూ చెయ్యరేమో! మీరేమంటారు?