ఆపరేషన్ ఉచితమే.. ఆ తర్వాతి ఆరు వారాల లెక్క ఎవరిది?

విజయవాడ: గర్భసంచి ఆపరేషన్ కృష్ణా డెల్టా కుటుంబాలకు కొత్త మాట కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద చూస్తే ఇది 3 శాతమే. అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అసలు ఆపరేషన్ అవసరమా అన్న చర్చ జరగాల్సిందే. మరి ఇప్పటికే చేయించుకుని మంచం మీదున్న అమ్మీ, ఆపాల సంగతేంటి?

ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చాక మొదటి 24 గంటలు భారమంతా నర్సుదే. బీపీ, నాడి ఎలా ఉన్నాయి, మూత్రం ఎంత వస్తోంది, ప్యాడ్ ఎన్నిసార్లు తడిసింది.. ఇవన్నీ గంట గంటకీ చూడాలి. లోపల రక్తస్రావం అవుతుంటే ముందు తెలిసేది అక్కడే. మూత్రం గొట్టం అవసరం తీరాక కూడా ఉంచితే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కాళ్లు కదపకుండా పడుకోబెడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్ సరే అనగానే పట్టుకుని నాలుగడుగులు వేయిస్తారు. ‘కుట్లు పచ్చిగా ఉంటే నడిపిస్తారా’ అని నర్సు మీద గొడవపడే బంధువులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి షిఫ్టులో ఏ వార్డుకైనా వెళ్లి మంచాలు లెక్కపెడితే మిగతాది చెప్పక్కర్లేదు.

నిర్లక్ష్యం జరిగితే ఏమవుతుందో 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం చూపించింది. అక్కడ ఒకేరోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగిలినవారిని పరీక్షించి, అవసరమైనవారిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. గర్భసంచి తీయడంతో పోలిస్తే అది చిన్న ఆపరేషనే. అయినా ప్రాణాలు పోయాయి, అదీ ఇంటికి వెళ్లిపోయిన తర్వాత.

ఇంటి దగ్గర అలవాట్లు వేరు. చెవుల్లో దూది, పత్యం, నీళ్లు తక్కువ. దూదితో నష్టం లేదు కానీ నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట తప్పవు. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. సుమారు ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తకూడదు, చంటిపిల్లాడిని చంకనేసుకోకూడదు. వంగడం కష్టమైతే కూర్చుని నమాజ్ చేసే వెసులుబాటు దీన్‌లోనే ఉంది. ఇంకో ఇబ్బంది సిగ్గు. చెడు వాసనతో తెల్లబట్ట అవుతున్నా, తెలియకుండానే మూత్రం కారుతున్నా ఇంట్లో మగవాళ్లకు చెప్పలేక రోజులు గడిపేస్తారు. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర చీము, ఎక్కువ రక్తస్రావం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం కనిపిస్తే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయాల్సిందే.

ఇక డబ్బు విషయం. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. విశ్రాంతికి కూడా ఖర్చుంటుందని ప్రభుత్వం గుర్తించింది 2019 డిసెంబరులో. అప్పుడు ఆరోగ్య ఆసరా పేరుతో రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5 వేలు ప్రకటించింది. ఆలోచన సరైనదే. కానీ వించిపేటలో ఇంట్లోనే మిషన్ కుట్టే ఆపా సంపాదన ఏ లెక్కలో ఉంది? నాట్లకు వెళ్లే మనిషికైతే సీజన్ పోతే కూలీ పోయినట్టే. అందుకే మూడో వారానికే పనిలోకి దిగుతారు.

పైసా ఖర్చు లేని పని కూడా ఒకటుంది. డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చదవాల్సింది ఉర్దూ చదువుకున్న సాస్, తెలుగు మీడియం కూతురు. ఏ మందు ఎన్నాళ్లు, కుట్లు ఎప్పుడు చూపించాలి, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది వార్డు నుంచి కదిలేముందే నర్సును అడిగి, తమకు వచ్చిన భాషలో కాగితం వెనక రాసుకోవచ్చు. అడిగితే చాలామంది నర్సులు విసుక్కోకుండానే చెబుతారు.