‘అవును’ అన్నదెవరు? ‘కాదు’ అన్నదెవరు?

ఒక్క ఓటు... ఏకంగా ప్రభుత్వాన్నే పడగొట్టింది! ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది దాటింది. 1954 నవంబరులో కర్నూలులో కొలువైన శాసనసభలో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. గొడవంతా మద్యనిషేధం గురించి. నిషేధంతో ఉపాధి పోయిందని కల్లుగీత కార్మికులు రోడ్డెక్కారు. నిషేధాన్ని ఎత్తేయమని రామమూర్తి కమిటీ కూడా చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. తీరా సభలో లెక్క తేల్చేసరికి ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం ఓడిపోయింది. 1955లో రాష్ట్రం మళ్లీ ఎన్నికలకు వెళ్లింది.

అంత విలువైంది ఎమ్మెల్యే ఓటు. మరి మనం గెలిపించి పంపిన ఎమ్మెల్యే ఏ బిల్లుకు ఎటు ఓటేశారో మనలో ఎందరికి తెలుసు? చాలాసార్లు తెలుసుకుందామన్నా కుదరదు. ఎందుకంటే...

నోటిమాటే ఓటు

బిల్లుపై చర్చ అయిపోగానే సభాపతి సభ్యుల అభిప్రాయం అడుగుతారు. సమర్థించేవాళ్లు ‘అవును’ అంటారు, వద్దనేవాళ్లు ‘కాదు’ అంటారు. ఎటువైపు గొంతులు ఎక్కువగా వినిపిస్తే అటు నెగ్గినట్టు సభాపతి ప్రకటిస్తారు. పత్రికల్లో తరచూ కనిపించే ‘మూజువాణి ఓటు’ ఇదే. మూజువాణి అంటే నోటిమాట అని అర్థం. అధికారపక్షానికి తిరుగులేని బలం ఉన్నప్పుడు దీనివల్ల బోలెడు సమయం కలిసొస్తుంది. కానీ ఎవరు ఏమన్నారో ఎక్కడా నమోదు కాదు.

సభాపతి చెప్పిన ఫలితం నచ్చకపోతే సభ్యులు ‘డివిజన్’ అడగొచ్చు. అప్పుడు తలలు లెక్కపెడతారు. హాజరై ఓటేసినవాళ్లలో ఎటు ఎక్కువమంది ఉంటే అటే గెలుపు. సభాపతి మామూలుగా ఓటెయ్యరు. రెండువైపులా సమానంగా వస్తేనే ఆయన ఓటు అక్కరకొస్తుంది.

రాష్ట్రం విడిపోయిన వేళ...

2014 జనవరి 30. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లుపై అభిప్రాయం చెప్పడానికి శాసనసభకు రాష్ట్రపతి ఇచ్చిన గడువు ఆరోజుతో సరి. బిల్లును తిరస్కరించాలంటూ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి పెట్టిన తీర్మానాన్ని గందరగోళం మధ్య సభాపతి నాదెండ్ల మనోహర్ మూజువాణికి పెట్టారు. నెగ్గిందన్నారు. సభ ముగిసింది. కోట్లమంది భవిష్యత్తుకు సంబంధించిన ఆ తీర్మానానికి అనుకూలంగా ఎందరు, వ్యతిరేకంగా ఎందరు అన్న అంకె మాత్రం లేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభలోనూ బిల్లు మూజువాణి ఓటుతోనే గట్టెక్కింది. రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారం ఇలాంటి విషయంలో శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు. అలా జూన్ 2న తెలంగాణ ఏర్పడింది.

లెక్క తేలితే...

లెక్కపెడితే ఏమవుతుందో చూడాలంటే 2011 డిసెంబరుకు వెళ్లాలి. కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వంపై తెలుగుదేశం పెట్టిన అవిశ్వాసానికి 122 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 160 పడ్డాయి. ప్రభుత్వం నిలబడింది. అయితే అందరూ చూస్తుండగానే 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిలబడ్డారు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్‌ను కాదంటే పదవి పోతుంది. వాళ్ల పదవులూ పోయాయి. 2012 జూన్‌లో ఉప ఎన్నికలొచ్చాయి. ఎవరు ఎటు నిలిచారో జనానికి తెలుసు కాబట్టి, ఒప్పో తప్పో తేల్చే పని కూడా వాళ్లే చేశారు. ఆ 16 మందిలో ఎక్కువమంది మళ్లీ గెలిచారు.

ఓటే లేకుండా చట్టం!

అసలు ఓటింగే జరగకుండా బిల్లు చట్టమవుతుందా? అవుతుంది. మూడు రాజధానుల బిల్లే అందుకు ఉదాహరణ. 2020 జనవరి 20న శాసనసభ ఆమోదించింది. 22న శాసనమండలిలో చైర్మన్ ఎం.ఎ.షరీఫ్ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. అయిదు రోజులకే మండలినే రద్దు చేయాలంటూ శాసనసభ తీర్మానం చేసింది. దానికి మాత్రం లెక్కపెట్టారు. అనుకూలంగా 133, వ్యతిరేకంగా సున్నా. ప్రధాన ప్రతిపక్షం ఆరోజు సభకే రాలేదు. జూన్‌లో బిల్లు రెండోసారి మండలికి వెళ్లింది. ఓటింగ్ లేకుండానే సభ వాయిదా పడింది. రెండోసారి వచ్చిన బిల్లును నెలలోగా తేల్చకపోతే అది రెండు సభల్లోనూ నెగ్గినట్టేనని 197వ అధికరణ చెబుతోంది. జులై 31న గవర్నర్ సంతకంతో చట్టమైంది. 2021 నవంబరులో ఆ చట్టాన్నీ, మండలి రద్దు తీర్మానాన్నీ కూడా వెనక్కి తీసుకున్నారు.

విప్ ఉన్నాక ఎమ్మెల్యే సొంతంగా చేసేదేముంది అనిపించొచ్చు. నిజమే, చాలాసార్లు చెయ్యి ఎత్తేది ఆయనే అయినా ఎత్తమనేది పార్టీ. అయినా లెక్క ఉంటే, ‘ఆరోజు అలా ఎందుకు చేశావు?’ అని అడగడానికి ఓ ఆధారం దొరుకుతుంది. గొంతుల హోరులో అదే పోతుంది. సభలో డివిజన్ అడగాల్సింది ఎమ్మెల్యే. ‘ఫలానా బిల్లుకు ఎటు ఓటేశారు?’ అని ఆయన్ని అడగాల్సింది ఊళ్లోని ఓటరు. ఈసారి ఎమ్మెల్యేగారు మీ వీధికి వస్తే రోడ్డు గురించి, నీళ్ల గురించి ఎలాగూ అడుగుతారు. ఈ ప్రశ్న కూడా వేసి చూడండి.