కట్టు విప్పాక మొదలయ్యే వైద్యం

విజయవాడలో బందరు రోడ్డు మీద పటమట దాటి ఆటోనగర్‌లో అడుగుపెడితే, లారీకి ఎన్ని అవయవాలుంటాయో ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. ఒకచోట కమాను కట్టలు, ఒకచోట విప్పిపెట్టిన ఇంజన్లు, ఒక షెడ్డులో లేతు పని, పక్క షెడ్డులో టింకరింగు. పాత ఛాసిస్ మీద కొత్త బాడీ లేస్తూ ఉంటుంది. ఏ భాగం పాడైతే ఆ భాగం మార్చేస్తారు, బండి మళ్ళీ రోడ్డెక్కుతుంది.

మనిషి తలకి దెబ్బ తగిలినప్పుడు కూడా మనలో చాలామంది ఇలాగే ఆలోచిస్తారు. డాక్టరుగారు ఆపరేషను చేశారు, గడ్డకట్టిన రక్తం తీశారు, కట్టు విప్పారు, ఇంకేం కావాలి అనుకుంటారు. కాని అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ పనిలో పెద్ద భాగం నర్సులది. దానికి మనం ఇచ్చే విలువ చాలా తక్కువని నా అభిప్రాయం.

ఆటోనగర్ పేరు ఊరికే ఎత్తలేదు. లారీ బాడీ మీదనుంచి జారిపడటం, జాకీ తప్పడం, టైరుకి గాలి కొడుతుండగా రిమ్ముకి బిగించిన లాక్ రింగు ఎగిరి తగలడం, ఇవన్నీ ఆ పనిలో ఉన్న ప్రమాదాలే. ఇక రోడ్డు ప్రమాదాల సంగతి చెప్పనక్కర్లేదు. ఇలా దెబ్బతినేవాళ్ళలో ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్ళే. అంటే వాళ్ళ ముందు ఇంకా ముప్ఫై నలభై ఏళ్ళ జీవితం ఉంటుందన్నమాట.

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది కాని, చచ్చిపోయిన నాడీకణాల స్థానంలో కొత్తవి మొలవవనే చెప్పాలి. మరి పడిపోయిన చెయ్యి మళ్ళీ ఎలా కదులుతుంది? పోయిన మాట ఎలా తిరిగొస్తుంది? ప్రకాశం బ్యారేజీ మీద రాకపోకలు ఆపేశారనుకోండి. గుంటూరు వెళ్ళే బండి ఆగిపోదు, కనకదుర్గ వారధి మీదుగా పోతుంది. మెదడు కూడా మిగిలిన కణాల మధ్య వేరే దారులు వేసుకోగలదు. కాని వారధిలా ఆ దారి ముందే కట్టి సిద్ధంగా ఉండదు. పొలం గట్టు మీద కాలిబాట పడినట్టు, నడవగా నడవగా పడుతుంది. చేసిన పనే రోజుకి ఎన్నోసార్లు, వారాల తరబడి, నెలల తరబడి చేయించాలి. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. ఆ తరవాత నెమ్మదిస్తుంది కాని, ఏళ్ళ తరబడి కొనసాగవచ్చు.

నర్సు పని మొదట ప్రాణం నిలబెట్టడంతో మొదలవుతుంది. 1974లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు స్పృహని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15 మార్కులు. ఏమీ చేయలేని రోగికి కూడా 3 వస్తాయి. (మన పరీక్షల కంటే దయగల పద్ధతే.) ఈ మార్కులు వేళకి వేళకి వేసి రాసిపెట్టేది నర్సులు. రెండు మార్కులు తగ్గితే లోపల ఏదో ముంచుకొస్తున్నదని పరుగెత్తి డాక్టరుని పిలిచేదీ వాళ్ళే.

మంచంమీద కదలని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపుకీ తుంటికీ పుండ్లు పడతాయి. అర్ధరాత్రి రెండింటికీ తిప్పాలి, తెల్లవారుజామున నాలుగింటికీ తిప్పాలి. ఇక తిండి. స్పృహ వచ్చిందని తెలియగానే బంధువులు ప్రేమకొద్దీ కొబ్బరినీళ్ళు నోట్లో పోస్తారు. మెదడు దెబ్బతిన్నప్పుడు మింగడం కూడా దెబ్బతినవచ్చు. అప్పుడు నీళ్ళు గొంతులో దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, చూసేవాళ్ళకి తాగినట్టే ఉంటుంది! రెండు రోజుల్లో న్యుమోనియా పట్టుకుంటుంది. అందుకని మింగగలడో లేదో పరీక్షించేదాకా నర్సు ఏదీ పట్టనివ్వదు. అప్పుడు ఆమె ఎంత కఠినాత్మురాలో అని వరండాలో చెప్పుకుంటారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటి. మెదడు కుడిభాగం దెబ్బతిన్న కొందరికి కన్ను బాగానే ఉన్నా ఎడమవైపు అనేది ఒకటుందన్న ధ్యాసే ఉండదు. కంచంలో కుడివైపు అన్నం తినేసి, ఎడమవైపు పప్పన్నం అలాగే ఉండగా, ఇంకా ఆకలిగా ఉందంటారు. కంచం తిప్పిపెడితే ఆ పూటకి గడిచిపోతుంది. కాని తెలిసిన నర్సు మంచానికి ఎడమవైపు నిలబడి పలకరిస్తుంది, కంచం ఎడమ అంచుకి ఎర్రరంగు గుడ్డముక్క చుట్టి, అది కనిపించేదాకా తల తిప్పమంటుంది. ఇది వడ్డన కాదు, పాఠం.

పాఠం అన్నాను కదా, చూడటానికి వచ్చినవాళ్ళు మాత్రం పరీక్ష పెడతారు. ‘నేనెవరో చెప్పు? గుర్తుపట్టావా?’ అని వరసగా పదిమంది అడుగుతారు. జ్ఞాపకం దెబ్బతిన్న మనిషి ఊహించి ఏదో పేరు చెబుతాడు. ఆ తప్పే మెదడులో నాటుకుపోతుంది. తప్పుకి అవకాశమివ్వకుండా నేర్పితే ఇలాంటివారు బాగా నేర్చుకుంటారని బ్రిటన్‌లో బాడ్లీ, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు 1994లో చూపించారు. కనుక ‘నేను మీ పెద్దన్నయ్యని, ఇవాళ మంగళవారం, మనం ఆస్పత్రిలో ఉన్నాం’ అని మనమే చెప్పాలి. రేపు మళ్ళీ చెప్పాలి. పదిమంది చుట్టూ చేరితే ఆ మెదడు అలిసిపోతుంది, కోపం వస్తుంది, బూతులు కూడా వస్తాయి. ఆ కోపం గాయం వల్ల వచ్చినదని తెలిసిన నర్సు ఎదురు కోప్పడదు. టీవీ కట్టేస్తుంది, జనాన్ని బయటికి పంపిస్తుంది.

జ్ఞాపకం పోతే అంతా పోయినట్టేనా? 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గడానికి మెదడులో ఆపరేషను చేశారు. ఆ తరవాత అతనికి కొత్త సంగతేదీ గుర్తుండేది కాదు. కెనడాకి చెందిన బ్రెండా మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకీ బాగా గీశాడు, కాని అది తను ముందెప్పుడూ గీసినట్టే తెలియదు! పేర్లు దాచుకునే అర వేరు, చేతిపని దాచుకునే అర వేరు అన్నమాట. అందుకే 12-13 స్పానరు పేరు చెప్పలేని మెకానిక్కు, నట్టు చూపిస్తే సరైన స్పానరు అందుకోవచ్చు. ఆ సంగతి కనిపెట్టి పుస్తకంలో రాసే మనిషి పక్కన ఉండాలి.

దీనికి ఫిజియోథెరపీవాళ్ళు, మాట నేర్పేవాళ్ళు ఉన్నారుగదా అని మీరనవచ్చు. ఉన్నారు, వాళ్ళు లేకపోతే పని సాగదు. కాని వాళ్ళు రోజుకి గంటో రెండు గంటలో ఉంటారు. ఆ గంటలో నేర్పినదాన్ని మిగతా ఇరవై రెండు గంటల్లో స్నానంలో, తిండిలో, చొక్కా తొడుక్కోవడంలో వాడించేది నర్సు. చొక్కా తొడగడం ఆమెకి అరనిమిషం పని. రోగి తనంతట తాను తొడుక్కుంటే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ చేతులు కట్టుకు నిలబడటం అన్నిటికంటే కష్టమైన నేర్పు. చూసేవాళ్ళు దాన్ని బద్ధకం అనుకుంటారు.

మన పక్క రాష్ట్రంలో ఒక మంచి ఉదాహరణ ఉంది. మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలికి 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలోనే కూర్చుని ఆపరేషన్లు చేసింది. ఆమె పట్టుదలవల్లనే 1966లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల పక్షాన పునరావాస కేంద్రం వెలిసింది. మనవాళ్ళు రైలెక్కి అక్కడికి వెళుతూనే ఉన్నారు. కాని నెలల తరబడి సాగే చికిత్సకి ఎంతమంది కూలిపని మానుకుని అంతదూరంలో కాపురం ఉండగలరు? దెబ్బ ఎక్కడ తగులుతుందో, ఈ వైద్యమూ దానికి దగ్గరలోనే ఉండాలి. ఆటోనగర్ వంటి చోటికి ఓ పాతిక పడకల వార్డు ఎక్కువేమీ కాదు. అందులో నర్సులు ఒక్కొక్కరికి అయిదారుగురికి మించి రోగులు ఉండకూడదు. ఎక్కువమందిని అప్పగిస్తే ఆ ఇరవై నిమిషాలు ఎక్కడనుంచి వస్తాయి? నర్సులకి ఈ పనిలో ప్రత్యేక శిక్షణా, దానికి తగిన జీతమూ ఉండాలి. అబ్బాయిలు కూడా ఈ చదువుకి రావచ్చు, వస్తున్నారు కూడా. ఎనభై కిలోల మనిషిని మంచంమీదనుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఇది ఆడవాళ్ళ పని అనేవాళ్ళు ఒకసారి వచ్చి చెయ్యివేస్తే బాగుంటుంది.

ఆ వార్డులో గోడకి పెద్ద అక్షరాల కేలండరూ, గడియారమూ ఎలాగూ పెడతారు. ఒక మూల పని బల్ల కూడా వెయ్యాలి. దానిమీద బెంచి వైసు, నాలుగు స్పానర్లు, విప్పి బిగించడానికి ఒక పాత గేర్‌బాక్సు. ఆ సామాను ఆటోనగర్‌లో అడిగితే ఎవరూ కాదనరు.