అమ్మ కిడ్నీకి ఏమైంది?

కిడ్నీ మార్చాక కొన్నేళ్లకి చెడితే మనవాళ్లు "పడలేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మా దరియాలతిప్పలో ఒక తల్లి కొడుక్కి కిడ్నీ ఇచ్చింది. ఆరేళ్లు బాగా నడిచింది. ఇప్పుడు పరీక్షలో క్రియాటినిన్ మెల్లగా ఎక్కుతోంది. "ముసలిదాని కిడ్నీ కదా, ఎన్నాళ్లు పనిచేస్తాది" అని కుళాయి దగ్గర మాటలు. ఆ తల్లి నా దగ్గరికొచ్చి "అన్నయ్యగారూ, నా కిడ్నీయే మంచిది కాదేమో" అని కన్నీళ్లు పెట్టుకుంది. అందుకే ఈ నెల మిల్లు కబుర్లు పక్కనబెట్టాను. నా చదువు అయిదో తరగతే. డాక్టర్లనీ నర్సమ్మలనీ అడిగి తెలుసుకున్నదే చెబుతున్నా.

మన యానాం ఫ్రెంచివాళ్ల చేతిలోంచి బయటపడింది 1954 జూన్‌లో. అదే ఏడు డిసెంబరు 23న అమెరికాలో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే అనే డాక్టరు ఒక కవల కిడ్నీ ఇంకో కవలకి పెట్టాడు. ఇద్దరూ ఒకే పోలిక, అందుకని ఒళ్లు దాన్ని పరాయిది అనుకోలేదు. మన దేశంలో 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగింది.

తల్లీకొడుకులైనా పూర్తిగా ఒకే పోలిక కాదండి. కొడుకులో సగం తండ్రిది. కాబట్టి తల్లి కిడ్నీలో సగం గుర్తులు కొడుకు ఒంటికి కొత్తవి. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తింపు కార్డు చూసినట్టు ఒళ్లు ఆ గుర్తుల్ని చూస్తుంది. కొత్త మొహమైతే దానికి సరిపడే యాంటీబాడీలు తయారుచేస్తుంది. జబ్బు పురుగుల్ని పట్టేవీ అలాంటివే. మనం మింగే మాత్రలు ఆ వాచ్‌మన్‌ని మత్తులో ఉంచుతాయి. మత్తు తగ్గిందా, లేచి కూర్చుంటాడు.

యాంటీబాడీలు కిడ్నీలో సన్న రక్తనాళాల లోపలి పొరకి అంటుకుంటాయి. నొప్పుండదు, జ్వరముండదు. వడపోత గుడ్డ చిరుగుతూ, మళ్లీ దానిమీదే ఇంకో గుడ్డ కుట్టినట్టు పొర రెండుగా మందమవుతుంది. ప్రోటీను మూత్రంలోకి కారుతుంది, మూత్రం నురగ కడుతుంది. ఇది నెలలూ ఏళ్లూ పడుతుంది. మనిషికి తెలిసేసరికి సగం నష్టం అయిపోయి ఉంటుంది. ఇలా ముదిరినదాన్ని తిప్పేసే నమ్మకమైన మందు ఇంకా లేదు. అందుకే యాంటీబాడీలు పుట్టకుండా చూసుకోవడమే పెద్ద పని.

ఎందుకు పుడతాయి? ముఖ్యంగా మాత్రలు మానడం వల్ల. "ఒళ్లు బాగానే ఉంది కదా" అని ఒక పూట, వలకెళ్లినప్పుడు ఒక పూట, డబ్బు లేక వారం. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే టాక్రోలిమస్ రక్తంలో పడిపోతుంది. నాటుమందు, పంపరపనసలాంటి పళ్లు కూడా లెక్క తప్పిస్తాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు "కిడ్నీ మార్చుకున్నా" అని చెప్పాలి.

కిడ్నీ పెట్టకముందే యాంటీబాడీలున్నవాళ్లూ ఉంటారు. రక్తం ఎక్కించుకున్నవాళ్లు, కాన్పులైన ఆడవాళ్లు. పిల్లల్ని కన్నప్పుడు తండ్రి గుర్తుల మీద తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టవచ్చు. భర్త భార్యకి కిడ్నీ ఇస్తానంటే డాక్టర్లు ముందు దీన్నే జాగ్రత్తగా చూస్తారు. పాల్ టెరసాకి, పటేల్ అనే ఇద్దరు 1969లో లెక్క చూపించారు. ముందే ఇచ్చేవాళ్ల మీద యాంటీబాడీలున్న 30 మందిలో 24 మందికి కిడ్నీ వెంటనే పాడైంది. లేని 195 మందిలో 8 మందికే. ఆ తర్వాతే క్రాస్‌మ్యాచ్ పరీక్ష తప్పనిసరి అయింది. ఈ టెరసాకి జపానువాళ్ల బిడ్డ, చిన్నప్పుడు యుద్ధంలో అమెరికావాళ్లు క్యాంపులో పెట్టారు. "పరాయివాడు" అనిపించుకోవడం ఆయనకి తెలిసిందే!

అందుకని చెల్లెమ్మా, నీ కిడ్నీని తప్పుపట్టకు. యాంటీబాడీలు అతని ఒంట్లో పుట్టేవి, నీ దగ్గర నుంచి వెళ్లినవి కావు. క్రియాటినిన్ పెరగడానికి వేరే కారణాలూ ఉంటాయి. అతన్ని కిడ్నీ డాక్టరుకి చూపించి, యాంటీబాడీల రక్తపరీక్ష కావాలా, సూదితో కిడ్నీ ముక్క తీసి చూడాలా అని అడగండి.

ఇంకొక మాట. టాక్రోలిమస్ రోజుకి రెండుసార్లు వేసుకునేవాళ్లు పన్నెండు గంటలకోసారి వేసుకోవాలి. మందు ఎంతుందో చూసే రక్తపరీక్ష రోజు పొద్దుటి మాత్ర మింగకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. చాలామంది మింగేసి వెళ్తారు, లెక్క తప్పుగా వస్తుంది. మాత్రలు జేబులో పెట్టుకుని వెళ్లండి.