అలెగ్జాండర్ పియర్స్: రుచి మరిగిన పులి కథ అబద్ధం

అలెగ్జాండర్ పియర్స్ పేరెత్తితే చాలు, నేర కథలు చెప్పేవాళ్లంతా ఒకే పాట అందుకుంటారు. ఐర్లండ్‌లో పుట్టిన నరరూప రాక్షసుడట, మనిషి మాంసం రుచి మరిగి తోటి ఖైదీలను ఒక్కొక్కరినే తినేశాడట. తిన్నాడు, ఉరికంబం ఎక్కాడు. అంతవరకు నిజం. కానీ పుట్టుకతో రాక్షసుడన్న మాట, రుచి మరిగాడన్న మాట నిలబడవు.

ఆ భీకరాకారం మార్కస్ క్లార్క్ నవలలోంచి వచ్చింది. 1870లలో వెలువడిన ‘ఫర్ ద టర్మ్ ఆఫ్ హిజ్ నేచురల్ లైఫ్’లో ఆయన పియర్స్ కథను తీసుకుని గాబెట్ అనే మహాకాయుణ్ణి సృష్టించాడు. అసలు పియర్స్ ఐదడుగుల మూడంగుళాల పొట్టి మనిషి, ముఖం మీద మశూచి మచ్చలు. మొనాఘన్ ప్రాంతంలో పొలం కూలీ. 1819లో ఆర్మా కోర్టు అతనికి ఏడేళ్ల ద్వీపాంతరవాసం విధించింది. చేసిన నేరం ఆరు జతల బూట్ల దొంగతనం. ఓడెక్కించి వాన్ డీమెన్స్ లాండ్‌కు, అంటే ఇప్పటి టాస్మేనియాకు, పంపిన మనిషి చరిత్ర అంతే. అక్కడా చిల్లర దొంగతనాలు, తాగుడు, పారిపోవడం మానలేదు. రెండు టర్కీ కోళ్లు, మూడు బాతులు కాజేసినందుకు యాభై కొరడా దెబ్బలు తిన్నాడు. దొంగే, కాదనను. హంతకుడు మాత్రం అప్పటికి కాదు.

1822లో అతన్ని మెక్వారీ హార్బర్‌కు తోశారు. మళ్లీ మళ్లీ తప్పు చేసే ఖైదీల కోసం ఆ ఏడే తెరిచిన చోటది. ముందు సముద్రం, వెనుక దారీతెన్నూ లేని కొండలు, వాన వదలని అడవి. పని హ్యూవాన్ పైన్ చెట్లు నరికి దుంగలు నీళ్లలోకి దించడం. సెప్టెంబర్ 20న ఎనిమిది మంది అక్కణ్ణుంచి పారిపోయారు. తెచ్చుకున్న కాస్త తిండీ కొద్దిరోజులకే అయిపోయింది. దిక్కులు గుర్తుపట్టగలిగినవాడు నావికుడైన రాబర్ట్ గ్రీన్‌హిల్. గొడ్డలీ అతని చేతిలోనే ఉంది. మనిషిని చంపి తిందామన్న మాట ముందుగా అన్నదీ అతనేనని పియర్స్ చెప్పాడు. మొదట డాల్టన్ చచ్చాడు. అది చూసి బెదిరిన ఇద్దరు వెనక్కి తిరిగారు. తర్వాత బోడెన్‌హామ్, మేథర్, పాము కరిచి నడవలేకపోయిన ట్రావర్స్. చివరికి ఇద్దరే మిగిలారు. ఎవరు ముందు నిద్రపోతే వాళ్లు చచ్చినట్టే. కునుకు తీసింది గ్రీన్‌హిల్, గొడ్డలి అందుకుంది పియర్స్.

పియర్స్ మాట నమ్మడమెలా అంటారు. ఆ అడవిలో జరిగినదంతా లోకానికి తెలిసింది అతని నోటి నుంచే. అతన్ని రాక్షసుడనేవాళ్లకూ అతని వాంగ్మూలాలే ఆధారం. తినడం వరకు నమ్మి, గ్రీన్‌హిల్ గొడ్డలిని మాత్రం వదిలేయడం న్యాయం కాదు.

దాదాపు ఆ రోజుల్లోనే, 1820లో, ఎసెక్స్ అనే తిమింగలాల వేట ఓడ పసిఫిక్‌లో మునిగింది. పడవల్లో మిగిలిన నావికులు చచ్చినవాళ్లను తిన్నారు. చీట్లు వేసి ఒక కుర్రవాణ్ణి కాల్చి కూడా తిన్నారు. బతికి ఇంటికి చేరిన కెప్టెన్ పొలార్డ్‌కు ఊరు మరో ఓడను అప్పగించింది. ఆకలి ఇద్దరిదీ ఒకటే. ఒకడు కెప్టెన్, ఒకడు ఐరిష్ ఖైదీ.

1823 జనవరిలో పట్టుబడిన పియర్స్, మేజిస్ట్రేట్ అయిన పాద్రి రాబర్ట్ నాప్‌వుడ్ ముందు జరిగినదంతా ఒప్పుకున్నాడు. అధికారులు నమ్మలేదు. బతికే ఉన్న తోటివాళ్లను దాచడానికి కట్టుకథ అల్లుతున్నాడనుకుని మళ్లీ మెక్వారీ హార్బర్‌కే పంపేశారు. నాకు కోపం తెప్పించేది ఇదే. ఐదుగురు చచ్చారని చెప్పుకున్నవాణ్ణి ఏ విచారణా లేకుండా ఖైదీల మధ్యకే తిరిగి తోశారు. ఆ ఏడాది నవంబర్‌లో థామస్ కాక్స్ అనే కుర్రవాడు అతనితో కలిసి పారిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ చావులో అధికారులకూ వాటా ఉంది. కథ చెప్పేవాళ్లు దాన్ని ఎత్తరు.

కాక్స్ హత్యను నేను వెనకేసుకు రాను. పియర్స్ జేబుల్లో మనిషి మాంసం దొరికింది, వేరే తిండీ ఉంది. ఈసారి ఆకలి మీదకు నెట్టడానికి వీల్లేదు. కింగ్ నది దగ్గర కాక్స్‌కు ఈత రాదని తెలిసి గొడవ పడ్డామని అతను చెప్పాడు. అది సంజాయిషీ కాదు. 1824 జూలై 19న హోబార్ట్‌లో ఉరి తీసింది ఈ హత్యకే. తర్వాత అతని పుర్రె అమెరికాలో సామ్యూల్ మోర్టన్ సేకరణకు చేరింది. పుర్రెలు కొలిచి మనుషుల తాహతు తేలుస్తామన్న శాస్త్రం మోర్టన్‌ది. అక్కడా వెతికింది పుట్టు రాక్షసుణ్ణే.

రుచి మరిగాడన్న వాదానికి కాక్స్ కథే ఆధారమంటారు. ఆ కథే దానికి అడ్డు నిలుస్తుంది. కాక్స్‌ను చంపాక పియర్స్‌ను ఎవరూ తరిమి పట్టుకోలేదు. ఒడ్డున మంట వేసి, అటుగా వెళుతున్న ఓడను తానే పిలిచాడు. చంపానని తానే చెప్పి, శవం ఉన్న చోటు చూపించాడు. రుచి మరిగినవాడైతే అడవిలోకి పోయేవాడు, ఓడను పిలిచి ఉరితాడు కోరి తెచ్చుకునేవాడు కాదు.