పోటు వేళ పిట్టల గుంపును లేపకండి

కాకినాడ తీరం నుంచి వలస పిట్టలు ఉత్తరానికి మళ్లే కాలమిది. కోరంగి మడ అడవుల అంచున, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెల మీద చలికాలం గడిపిన ఉల్లంకులు, గ్రేట్ నాట్‌లు, సీగల్స్ మార్చి నుంచి మే దాకా విడతలు విడతలుగా బయల్దేరతాయి. వాటిని చూడాలని, లెక్కించాలని వెళ్లేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. ఇప్పుడు గుంపును లేపితే దాని ప్రయాణాన్నే దెబ్బతీసినట్టు.

గ్రేట్ నాట్ సంగతే చూడండి. ఈశాన్య సైబీరియా కొండల మీద పిల్లల్ని పెంచే పిట్ట ఇది. దూరప్రయాణానికి ముందు బురదలోని ఆల్చిప్పల్ని, నత్తల్ని తెగ తిని ఒళ్లంతా కొవ్వు పట్టిస్తుంది. బయల్దేరే ముందు, బరువు తగ్గడానికి దాని జీర్ణాంగాలే కుంచించుకుపోతాయి. అంత లెక్కగా కూడబెట్టుకున్న కొవ్వు మనకు భయపడి లేచిన ప్రతిసారీ కొంత కరిగిపోతుంది. దారిలోనూ దానికి దిక్కు తగ్గింది. దక్షిణ కొరియాలో 33 కిలోమీటర్ల సేమన్‌గమ్ గోడ 2006లో సముద్రాన్ని మూసేయడంతో ఈ పిట్టలు ఆగి మేత మేసే బురద నేలలు పోయాయి. 2015 నుంచి ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది.

అన్నిటికన్నా గడ్డు సమయం పోటు. నీళ్లు ఎక్కి బురద మునిగితే పిట్టలన్నీ మిగిలిన కాస్త ఇసుక మీదికి చేరి, ఒంటికాలి మీద, ముక్కు రెక్కల్లో దోపుకుని కునుకు తీస్తాయి. చూసేవాళ్లకు అంతకన్నా మంచి అవకాశం ఉండదు, అందుకే దగ్గరికి వెళ్లాలన్న ఆశ పుడుతుంది. అప్పుడు వాటిని లేపితే దిగడానికి మరో చోటు ఉండదు. డ్రోన్‌నైతే అవి గద్దగానే చూస్తాయి. ఒడ్డున తిరిగే కుక్కలన్నా వాటికి అదే భయం.

లెక్క పెట్టడానికి దగ్గరితనం అక్కర్లేదు. స్టాండు మీద టెలిస్కోప్ పెట్టి, ఎండ మీ వీపున పడేలా నిలబడండి. ముందు పది పిట్టలు ఎంత జాగా ఆక్రమించాయో కంటితో పట్టుకుని, ఆ కొలతతో గుంపంతా చూసుకుంటూ వెళ్లండి. ఇద్దరు విడివిడిగా లెక్కిస్తే తేడా తెలుస్తుంది. నిద్రపోతున్న పిట్టలు మెడలు నిక్కించాయా, ఒకటి రెండు నడుస్తూ పక్కకు జరిగాయా? మీరు హద్దు దాటినట్టే.

తిన్నెల మీద నడిచేవాళ్లూ కింద చూసి అడుగెయ్యాలి. చిన్న టెర్న్‌లు ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి, వాటి రంగూ ఇసుక రంగే. తల్లిని లేపేస్తే ఎండకు గుడ్లు ఉడికిపోతాయి. గూళ్ల ఫొటోలు, జాడలు ఫోన్లలో పంచుకోవద్దు. కోరంగి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోండి.

బయల్దేరే ముందు పోటు వేళలు చూసుకోండి. ఒక్క పిట్ట మెడ నిక్కించినా అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి తగ్గండి. లెక్క తప్పినా ఫర్వాలేదు, గుంపు లేవకూడదు.